పీ స్టార్ గారికో మనవి

మహారాజశ్రీ పీ స్టార్ గారి సముఖమునకు,

విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర నుంచి, ఎంపీసీ చదువుతున్న అమ్మాయి తండ్రి రాయునది. ఇక్కడ మేం క్షేమం, ఆదివారం టెస్ట్ దాకా.

మీరెవరో మా వాళ్ళకి తెలియదు కనుక ముందు పరిచయం. 1993లో మాథ్యూ చాప్టుయిక్ అనే శాస్త్రవేత్త, ద్రవ్యరాశి లేని స్కేలార్ క్షేత్రపు (ప్రతి చోటా ఒక్క సంఖ్యతో చెప్పగలిగే క్షేత్రం) అల గోళంలా లోపలికి కూలితే ఏమవుతుందో కంప్యూటర్లో లెక్కగట్టారు. అల బలం మీకంటే తక్కువైతే అది నడిమధ్య నుంచి దాటిపోయి చెదిరిపోయింది. ఎక్కువైతే కృష్ణబిలం పుట్టింది. అల బలానికి p అని పేరు పెడితే, ఆ రెంటి మధ్య గీతే p*. ఆ గీత మీరు. అంటే కటాఫ్ మార్కన్నమాట.

కటాఫ్ అంటే ఏంటో మా ఊళ్ళో ఎవరికీ చెప్పక్కర్లేదు. కానీ మీ ధర్మం వేరు. మిమ్మల్ని వెంట్రుకవాసి దాటిందని ఏ అలకీ భారీ కృష్ణబిలం కట్టబెట్టరు. గీతకి దగ్గరయ్యేకొద్దీ ద్రవ్యరాశి సున్నా దాకా తగ్గుతుంది. ఎంత దాటితే అంత, దానికి 0.37 ఘాతం వేసి మరీ తూస్తారు. అల ఏ ఆకారంలో బయల్దేరినా అదే 0.37. ఎవరి తాలూకు అని అడగరు.

మా అమ్మాయి కాలేజీలో ఒక్క మార్కు దాటితే స్టార్ బ్యాచ్, ఏసీ గది, పేరు పెట్టి పిలిచే లెక్చరర్లు, ఏలూరు రోడ్డు మీద ఫ్లెక్సీ. ఒక్క మార్కు తగ్గితే వెనక బిల్డింగ్, పాడైన ఫ్యాను. మీ వంశంలోనూ ఇలాంటి చుట్టమొకరు ఉన్నారని విన్నాను. 1996లో యాంగ్-మిల్స్ అనే, కణభౌతికశాస్త్రంలో వాడే మరో రకం క్షేత్రాల లెక్కల్లో బయటపడ్డారట. ఆయన గీత దాటగానే ఒకేసారి పెద్ద ద్రవ్యరాశి ఇచ్చేస్తారు. మా ప్రిన్సిపాల్ గారు ఆయన శిష్యులే అయ్యుండాలి.

సరిగ్గా మీ మీదే నిలబడ్డ అల కథ ఇంకా వింత. ఒకే ఆకారం ప్రతిసారీ సుమారు 30 రెట్లు కుంచించుకుంటూ మళ్ళీ మళ్ళీ వస్తుంది, చివరికి సింగ్యులారిటీ, అంటే సాంద్రత అనంతమై లెక్కలు చెల్లని చోటు, కృష్ణబిలం ముసుగు లేకుండా నగ్నంగా బయటపడుతుంది. అలాంటిది ఉండదని తోటి భౌతికశాస్త్రవేత్తలు కిప్ థోర్న్, జాన్ ప్రెస్కిల్‌లతో 1991లో పందెం కాసిన హాకింగ్, మీ పుణ్యాన 1997లో ఓడారు. షరతు ప్రకారం బట్టలివ్వాలి గనక టీషర్టులిచ్చారు. వాటి మీద 'ప్రకృతికి నగ్న సింగ్యులారిటీ గిట్టదు' అని తన మాటే అచ్చేయించారు. ఓడినా తగ్గలేదు, మా గుంటూరు బావగారిలా.

ఇక అసలు విషయం. సెక్షన్లు మార్చే పని మీకు అప్పగించమని ఆఫీసులో అడిగాను. మీ మార్కులెన్నన్నారు. 0.37 అన్నాను. నూటికి 37 అయితే పాసేగానీ, స్టార్ బ్యాచ్‌కి కుదరదన్నారు.

ఇట్లు,
ఫీజు మూడో టర్మ్ కట్టాల్సిన తండ్రి