రీస్టోర్ అనే అపచారం

లెక్కలు దాచే డేటాబేసుకు ప్రతి రాత్రీ స్నాప్‌షాట్ (ఆ క్షణానికి ఉన్న స్థితిని పట్టి ఉంచే బ్యాకప్) తీయించడం యజమాని ధర్మమనీ, దానిని తిరిగి తెరిచి, అంటే రీస్టోర్ చేసి, లోపల లెక్కలు ఉన్నాయో లేవో చూడబోవడం మాత్రం సిబ్బంది నిజాయితీని శంకించడమేననీ నెల్లూరు నుంచి ఒంగోలు దాకా రైస్ మిల్లులవారూ, రొయ్యల మేత డీలర్లూ ఏకాభిప్రాయంతో నమ్ముతున్నారు. బెంగళూరులో నాలుగు రోజులు ఉద్యోగం చేసి వచ్చిన కుర్రవాళ్లు ఈ సంప్రదాయాన్ని గౌరవించకుండా, "సార్, ఒక్కసారి వేరే మెషీన్ మీద రీస్టోర్ చేసి చూద్దామా" అని అడుగుతున్నందున, పెద్దల పక్షాన నాలుగు మాటలు చెప్పవలసి వస్తున్నది.

స్నాప్‌షాట్ పూర్తి నకలు కాదన్నది వారి మొదటి అభ్యంతరం. చాలా సర్వర్లలో అది తీసిన క్షణాన డేటా ఏమీ కాపీ కాదనీ, ఆ తరువాత డిస్కులో ఏ బ్లాకు (చిన్న ముక్క) మారబోతే దాని పాత రూపాన్ని మాత్రమే పక్కన దాచుకుంటుందనీ అంటారు. గుమాస్తా ఖాతాలో ఒక పద్దు కొట్టివేసే ముందు పాత అంకెను చిత్తుపుస్తకంలో ఎక్కించుకోవడం వంటిదన్నమాట. అసలు ఖాతా చెదలపాలైతే చిత్తుపుస్తకంలో మిగిలేవి కొట్టివేతలే. ఇది నిజమే. కానీ క్షణంలో పూర్తయ్యే పనిని, పైసా ఖర్చు లేని పనిని ఇలా తప్పుపట్టడం వ్యాపారం తెలిసినవారి లక్షణం కాదు.

క్లౌడులో పెట్టుకున్నవారికి ఈ బాధ లేదు, వేరే బాధ ఉంది. అమెజాన్ వారి డేటాబేసు సేవ ఆర్‌డీఎస్ తనంతట తాను తీసే బ్యాకప్‌లను 35 రోజులకు మించి ఉంచదు. ఏప్రిల్‌లో చెరిగిపోయిన పద్దును మన ఆడిటరు గారు సెప్టెంబరులో గాని కనిపెట్టరు. చేత్తో తీసిన స్నాప్‌షాట్లేమో మనం తొలగించేదాకా ఉంటాయి; "ఫైనల్", "ఫైనల్ కొత్తది", "ఇది తీయొద్దు" అనే పేర్లతో అవి పేరుకుపోతాయి, తీసినవాడు ఎప్పుడో హైదరాబాదు వెళ్లిపోయి ఉంటాడు, అద్దె మాత్రం నెలనెలా మనమే కడతాము. తొలగించే ధైర్యం ఎవరికీ ఉండదు, తెరిచి చూసే ఓపికా ఉండదు.

పరీక్షించని బ్యాకప్ పనికిరాదనడానికి కుర్రవాళ్లు, ప్రోగ్రాములు రాసేవారు తమ కోడ్ దాచుకునే గిట్‌ల్యాబ్ అనే సంస్థ కథ చెబుతారు. 2017 జనవరి 31న అక్కడ ఒక ఇంజినీరు పొరపాటున అసలు డేటాబేసు డైరెక్టరీనే తుడిచివేశాడు. అప్పుడు వెతికితే, రోజువారీ బ్యాకప్ విఫలమవుతూనే ఉన్నదనీ, ఆ సంగతి చెప్పవలసిన ఈమెయిళ్లు కూడా ఎవరికీ చేరడం లేదనీ తేలింది. చివరికి ఆదుకున్నది, ఆరు గంటల ముందు అదే ఇంజినీరు వేరే పని కోసం తీసుకున్న స్నాప్‌షాట్. ఈ కథలో మనం గ్రహించవలసింది వేరే ఉంది: ప్రణాళిక ప్రకారం పెట్టినవి చేయిచ్చాయి, యాదృచ్ఛికంగా తీసినది నిలబడింది. కనుక మన ప్రణాళికలేమి సాంకేతికంగా సమర్థనీయమే.

ఇక నకలును వేరే ఊళ్లో ఉంచాలన్న సలహా. 2021 మార్చిలో ఫ్రాన్సులోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ అనే క్లౌడు కంపెనీ డేటా సెంటరు తగలబడినప్పుడు, అదే ప్రాంగణంలో బ్యాకప్ పెట్టుకున్న కొందరు రెండూ పోగొట్టుకున్నారట. మన దగ్గర సర్వరు మెట్ల కింద ఉంటుంది, బ్యాకప్ హార్డ్ డిస్కు దాని నెత్తినే ఉంటుంది. మంట వస్తే పరుగెత్తి రెండూ ఒక్క చేత్తో పట్టుకోవచ్చు. పోనీ కోవూరులో పెడదామంటే, అదే ఏడాది నవంబరులో పెన్నా పొంగి నెల్లూరు, కోవూరుల మధ్య జాతీయ రహదారి మీద రాకపోకలు నిలిచిపోయాయి, పడుగుపాడు దగ్గర రైలు మార్గమూ దెబ్బతిన్నది. డేటా తీగల మీద వెళుతుందనీ, దానికి వంతెన అక్కరలేదనీ ఒక కుర్రవాడు గొణిగాడు గాని, పెద్దల ముందు అలా మాట్లాడడం మర్యాద కాదు.

అయినా వారి తృప్తి కోసం, ఆడిట్ అయ్యాక ఒక ఆదివారం రీస్టోర్ చేసి చూడడానికి సూత్రప్రాయంగా అంగీకరించడమైనది. బ్యాకప్‌ను ఎవరూ చదవలేకుండా ఎన్‌క్రిప్ట్ చేసిన తాళం ఎక్కడున్నదని వారు అప్పుడే ఆరా తీస్తున్నారు. కంగారు అక్కరలేదు, అది అదే సర్వరులో భద్రంగా ఉంది.