పియానో మొయ్యడానికి స్పెషలిస్టులా? మన పిలకాయలు లేరా?

చెన్నైలో పియానోలు మోసేదానికే మనుషులు ఉన్నారంట, వాళ్ళు బీరువా మొయ్యరంట, ఫ్రిజ్ మొయ్యరంట, ఒక్క పియానోనే అంట. ఈ సంగతి తెలిసినప్పట్నించి నాకు సరిగ్గా నిద్ర లేదు. పుట్టి అంటే 850 కిలోలని బడికి పోకముందే తెలిసే ఊళ్ళు మనవి, కోతలప్పుడు వడ్ల బస్తా వీపున వేసుకుని నోట్లో బీడీ తియ్యకుండా చెక్క పలక మీద నడిచి లారీ ఎక్కేస్తారు మనవాళ్ళు, అట్టాంటి నెల్లూరు జిల్లాకి ఒక చెక్క పెట్టె మోసేదానికి తమిళనాడు నించి మనుషులు రావాలా? దీన్ని జిల్లా మీద జరిగిన దాడిగానే నేను చూస్తున్నా.

అసలు జరిగింది ఏందంటే, వేదాయపాళెంలో ఉండే మా బామ్మర్ది కూతురికి పియానో నేర్పించాలని ఇంట్లో తీర్మానం అయిపోయింది (పాపని ఎవురూ అడగలా). చిన్న కీబోర్డు కొంటే సరిపోతుంది కదా అని ఆయన భార్య అంటే, కీబోర్డు ఎదురింటోళ్ళ దగ్గర కూడా ఉంది అని కొట్టిపారేసి, చెన్నైలో ఎవురో ఇల్లు ఖాళీ చేస్తా ఉంటే పాత పియానో బేరం చేసేసినాడు. తర్వాత ఆ పియానోలు మోసే మూవర్స్‌కి ఫోన్ చేసినాడు. అవతలాయన మర్యాదగా, అప్‌రైటా గ్రాండా సార్ అన్నాడు. మావాడు, నల్లది అన్నాడు. ఎత్తెంత అంటే నా గుండెల దాకా ఉంది అన్నాడు. మెట్లెన్ని, మధ్యలో మలుపు ఉందా, తలుపు వెడల్పెంత, లిఫ్ట్ ఉందా అని ఆయన అడగతానే ఉన్నాడు, చివరికి 18,000 అన్నాడు. మావాడు ఫోన్ పెట్టేసి, "బావా, మా అక్క పెళ్ళప్పుడు నీ గురించి కూడా మేం ఇన్ని అడగలేదు" అన్నాడు. అది నిజమే, అడిగుంటే కథ వేరేగా ఉండేది.

సరే, బాధ్యత గల మనిషిగా నేను రాత్రంతా ఫోన్లో చదివినా. పియానోలు రెండు జాతులు. గోడకి ఆనించి నిలబెట్టేది అప్‌రైట్, పడుకోబెట్టిన రెక్క మాదిరి ఉండేది గ్రాండ్. అప్‌రైట్‌ని ఎత్తుతో కొలుస్తారు, గ్రాండ్‌ని పొడుగుతో కొలుస్తారు, వెడల్పు మాత్రం ఏదైనా సుమారు 5 అడుగులే, అందుకే వెడల్పు ఎవురూ అడగరు. 40 అంగుళాల లోపుంటే స్పినెట్, కాస్త పెరిగితే కన్సోల్, 45 దాటితే స్టూడియో, 48 దాటితే ఫుల్ అప్‌రైట్. మావాడు కొన్నది 50 అంగుళాలది, దగ్గర దగ్గర 300 కిలోలు, అంటే 25 కిలోల బియ్యం బస్తాలు 12. కచేరీల్లో పెట్టే 9 అడుగుల గ్రాండ్ అయితే 480 కిలోలు ఉంటుందంట, అర పుట్టి కన్నా జాస్తి. ఇదంతా చదివినాక నాకు ధైర్యం వచ్చింది. 12 బస్తాలంటే మన రైస్ మిల్లు పిలకాయలకి టీకి ముందు చేసే పని. మూవర్స్ వద్దు అని తేల్చి చెప్పేసినా.

బస్తాకీ దీనికీ ఒక చిన్న తేడా ఉందని మాత్రం ఎవురూ పెద్దగా రాయలేదు, లేదా రాసింది నేను చదవలేదు. బస్తాలో బరువు అంతటా ఒకే మాదిరి ఉంటుంది. దీంట్లో పోత ఇనుముతో చేసిన చట్రం ఒకటి వీపు వైపు ఉంటుంది, 230 దాకా తీగలు దాన్ని పట్టుకుని లాగతా ఉంటాయి, అన్నీ కలిపి 18 టన్నుల పైన లాగుడంట. అందుకని కొంచెం వెనక్కి వంచితే చాలు, పియానో వెల్లకిలా పడుకునేదానికి రెడీగా ఉంటుంది. కింద ఉండే బుల్లి చక్రాలు చూసి, "సామే, దీనికి టైర్లున్నాయి" అని పిలకాయలు సంబరపడినారు, రోడ్డు మీద నాలుగు అడుగులు తోసేసరికి ఒకటి ఊడి కాలవలో పడింది. అవి చీపురు పట్టుకునేటప్పుడు రవ్వంత జరిపేదానికంట. ఈ లోపల టాటా ఏస్‌లో గోనెసంచుల మీద సూళ్ళూరుపేట దాటినప్పట్నించే అది లోపల సొంతంగా కచేరీ చేసుకుంటా వచ్చింది అని డ్రైవర్ చెప్పినాడు.

మెట్ల దగ్గర సూపర్‌విజన్‌కి అద్దంకి వైపు నించి మా పెద్దాయన ఒకాయన వచ్చున్నాడు, బండలాగుడు పందేల్లో ఒంగోలు గిత్తల్ని దగ్గరుండి తోలించిన మనిషి. ఆయన పియానో నడుముకి మోకు కట్టించి, పైనించి నలుగురు, కిందనించి గునపంతో ఒకడు, ఐలేసా అన్నాడు. పందెంలో లాగే బండ ఎంత దెబ్బ తిన్నా శృతి పోదు అనే విషయం ఆ హడావిడిలో ఎవురికీ తట్టలా.

వీధిలో చీమకుర్తి నించి గ్రానైట్ తెచ్చిన లారీ ఒకటి ఆగుంది. ఆ డ్రైవర్ టీ తాగతా చూసి చూసి, "అన్నా, ముందు మలుపు కొలిచినారా?" అన్నాడు. మేం పలకల్ని పడుకోబెట్టం, స్టాండుకి నిలువుగా ఆనించి, ఇనుము తగలకుండా మధ్యలో చెక్క పెట్టి కడతాం, దీనికి కూడా దుప్పటి చుట్టి ఒక చెక్క పలక మీదకి ఎక్కించి బెల్టులతో కట్టండి అన్నాడు. విచిత్రం ఏందంటే గ్రాండ్ పియానోకి మూవర్స్ చేసేది కూడా ఇంచుమించు ఇదే, కాళ్ళూ పెడల్సూ ఊడదీసి, పొడుగ్గా తిన్నగా ఉండే పక్క మీద నిలబెట్టి, దుప్పట్లు చుట్టి పలకకి కడతారు. కానీ లారీ డ్రైవర్ మాట వింటే రాత్రంతా చదివిన నా పరువేం కావాలి? టీ అయిపోయింది కదా పోవయ్యా అని పంపించేసినా.

మలుపు దగ్గర పియానో ఇరుక్కుంది. పైకీ పోలా, కిందకీ రాలా. గోడకి సున్నం, పియానోకి పాలిష్, ఇద్దరూ సమానంగా వదులుకున్నారు. అది జరిగి మూడు నెలలైంది. పై వాటాలో అద్దెకుండేవాళ్ళు పక్కకి తిరిగి, ఊపిరి బిగబట్టి పోతా ఉన్నారు, లావుగా ఉండే వాళ్ళ మామ వినాయక చవితికి వచ్చి కిందనించే ఆశీర్వదించి పోయినాడు. దాని మీద ఇప్పుడు కరెంటు బిల్లులు, పాల కూపన్లు, ఒక ఆవకాయ జాడీ ఉన్నాయి. పాప మూడో మెట్టు మీద కూర్చుని ప్రాక్టీస్ చేస్తా ఉంది, కుడి చెయ్యి గోడకి తగలతా ఉందని ఎడమ చేత్తోనే.

ట్యూనింగ్ చేసేవాణ్ణి పిలిస్తే, కొత్త చోటికి వచ్చినాక రెండు మూడు వారాలు చెక్క అలవాటు పడాలి సార్, తర్వాతే ట్యూనింగ్, ఎండా తేమా తగలకూడదు అన్నాడు. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయి అనుకునే ఊళ్ళో, మెట్ల మీద, ఎండ తగలకూడదంట! మా భజన బృందం హార్మోనియం పెట్టె టీవీఎస్ ఎక్సెల్ మీద ముప్పై ఏళ్ళుగా తిరగతా ఉంది, ఒక్కరోజు కూడా అలవాటు పడాలి అనలేదు. 1700 ప్రాంతంలో ఇటలీలో దీన్ని కనిపెట్టిన క్రిస్టఫోరీ అనే ఆయన ఒక్కసారి వేదాయపాళెం వచ్చి మిద్దె మెట్లు చూసుంటే ఈ వస్తువు డిజైనే వేరేగా ఉండేది.

నిన్న బామ్మర్ది ఫోన్ చేసి, ఓనరు గొడవ చేస్తా ఉన్నాడు బావా, దీన్ని కిందకి దించాలి, ఆ చెన్నై వాళ్ళ నంబర్ ఉందా అన్నాడు. నాకు చాలా బాధేసింది. నలుగురు చాలలేదు కాబట్టి ఈసారి ఆరుగురిని పిలిపించు, మోకు నేను తెస్తా అని చెప్పినా.