ఆకులు ఊడ్పించమని సంతకాలు సేకరిస్తున్న పెద్దలకు

మా హైదరాబాద్ కేబీఆర్ పార్క్ వాకర్ల వాట్సాప్ గ్రూపులో మళ్లీ అదే గోల. లోపల ఎండుటాకులు ఊడవట్లేదట, ఎండిపోయిన చెట్లు తీసేయట్లేదట, తెల్లవారుజామున చీకటిగా ఉంటోంది కాబట్టి లైట్లు పెట్టించాలట. అయ్యా, అది మీ అపార్ట్‌మెంట్ సెల్లార్ కాదు. 1998లో జాతీయ పార్కుగా ప్రకటించిన అడవి. బంజారాహిల్స్‌, జూబ్లీహిల్స్ బంగళాల మధ్య మిగిలిందే ఆ 390 ఎకరాలు.

ఆ ఆకుల కిందే కదా పురుగూ పుట్రా ఉండేది! ఫోన్ కాసేపు జేబులో పెట్టి నెమలిని చూడండి. కాలితో ఆకుల్ని బరబరా గీరి, అడుగు వెనక్కేసి, మెడ వంచి చూసి టక్కున పొడుస్తుంది. శుభ్రంగా ఊడ్చేస్తే అదేం తినాలి, మీరు చల్లే మరమరాలా? ఎండిన మాను తొర్రల్లో రామచిలుకలు గుడ్లు పెడతాయి. మీ కంటికి అసహ్యంగా కనిపించే చెదపుట్ట అలుగుకు (పొలుసుల ఒంటి పాంగోలిన్‌కు) అన్నం కుండ. ఇక లైట్లంటారా... అలుగు, పునుగుపిల్లి, ముళ్లపంది అన్నీ చీకట్లో తిరిగేవే. మన వాకింగ్ కోసం వాటి రాత్రిని కూడా లాక్కుంటామా?

నడవొద్దనట్లేదు, నేనూ నడుస్తాను. మోకాళ్ల నొప్పులు నాకూ ఉన్నాయి.

అసలు టెన్షన్ పడాల్సింది గోడ బయట జరుగుతున్నదాని గురించి. పార్కు చుట్టూ కట్టడాలకు ఆంక్షలతో రక్షణగా ఉండాల్సిన ఎకో సెన్సిటివ్ జోన్‌ను 2020లో కొన్నిచోట్ల 3 మీటర్లకు కుదించారు. ఎక్కువ ఉన్నచోట కూడా 29.8 మీటర్లే. మూడు మీటర్లంటే మనం గేటు దగ్గర అడ్డంగా పార్క్ చేసే కారు కూడా పట్టదు. ఫ్లైఓవర్ల కోసం చెట్లు కొట్టేస్తారని 2016లో జనం రోడ్డెక్కారు. ఇప్పుడు మళ్లీ చుట్టూ ఆరు జంక్షన్లలో ఫ్లైఓవర్లు, అండర్‌పాస్‌లు అంటున్నారు. ఈ వార్త గ్రూపులో పెడితే వచ్చిన జవాబు: "పోన్లెండి, పార్కుకు తొందరగా రావచ్చు." పైగా దానికి పద్నాలుగు లైకులు!

మీ ఊడ్పు పిటిషన్ మీద నా సంతకం పడదు. ఫ్లైఓవర్ల మీద అభ్యంతరం రాసేదుంటే చెప్పండి, కాగితం, పెన్ను నేనే తెస్తా.