తడిగాలి తగవు

నోరెండిపోవడం చిన్న జబ్బని కొందరు అమాయకులు అనుకుంటారు. ఆరోగ్యంగా ఉన్న మనిషి నోట్లో రోజుకు అర లీటరు నుంచి లీటరున్నర దాకా లాలాజలం ఊరుతుంది. ఆ ఊట తగ్గితే ముద్ద దిగదు, పళ్లు పుచ్చుతాయి, అర్ధరాత్రి నాలుక అంగిటికి అతుక్కుని మెలకువొస్తుంది. ఇంత గంభీరమైన సమస్యను ఉత్త డాక్టర్ల చేతుల్లో వదిలేయడం భావ్యమా? లాయర్లు ఉన్నదెందుకు?

నిద్రలో ఊపిరి ఆగిపోయే జబ్బున్నవారికి సీప్యాప్ యంత్రం తెలుసు. 1980లో సిడ్నీ డాక్టర్ కోలిన్ సలివన్ వాక్యూమ్ క్లీనర్ మోటారు పెట్టి మొదలుపెట్టిన సంగతి అది. మాస్కులోంచి రాత్రంతా గాలి కొడుతుంది. ఊపిరి ఆగదు గానీ, నిద్రలో నోరు తెరుచుకుందా, గాలి అటుగా పోయి నోరు పిడచగట్టుకుపోతుంది. అందుకని యంత్రానికి ఒక నీళ్ల తొట్టి తగిలించి, వేడిచేసి, గాలిని తడిపి పంపుతారు. ఆ ఆవిరి దారిలోనే నీరుగారి మొహాన పడకుండా గొట్టాన్నీ వెచ్చగా ఉంచుతారు. ఇందులో గాలి ప్రకృతిది, నీళ్లు కొళాయివి, ఊపిరి రోగిది. మిగిలిందంతా మేధోసంపత్తి.

ఆ మిగిలినదాని కోసమే 2016 ఆగస్టులో ఈ యంత్రాలు తయారుచేసే రెండు కంపెనీలు, శాన్ డియాగోలోని రెస్‌మెడ్, ఆక్లాండ్‌లోని ఫిషర్ అండ్ పేకెల్ ఒకదాని మీద ఒకటి దావాలు వేసుకున్నాయి. మీ మాస్కుల్లో ఉన్నది మా ఆలోచన అని ఒకరు, మీ యంత్రమూ వెచ్చటి గొట్టమూ మా పేటెంట్ల మీద పడ్డాయని మరొకరు. అమెరికా, న్యూజిలాండ్, జర్మనీ, బ్రిటన్: తగవు ఎక్కని గడప తక్కువ.

నన్ను ముగ్ధుణ్ణి చేసేది మాత్రం ఈ పరిశ్రమ వినయం. అమెరికాలో ఇలాంటి పరికరం అమ్మాలంటే సాధారణంగా మందులకూ వైద్య పరికరాలకూ అనుమతులిచ్చే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏకి 510(కె) దరఖాస్తు పెట్టుకోవాలి. అక్కడ చేతులు కట్టుకుని, ‘అయ్యా, ఇది ఇదివరకు మీరు ఒప్పుకున్నదాని లాంటిదేనండీ, భయపడాల్సిన కొత్తేమీ లేదు’ అని నిరూపించుకోవాలి. అదే పెద్దమనిషి పేటెంట్ ఆఫీసు మెట్లెక్కగానే ఛాతీ విరుచుకుని, ‘ఇలాంటిది భూమ్మీద ఇంతవరకు పుట్టలేదు’ అంటాడు. రోగికి ఉన్న ఒక్క నాలుకా ఎండిపోతుంటే, కంపెనీకి రెండు నాలుకలూ తడిగానే ఉంటాయి. చట్టప్రకారం ఇందులో వైరుధ్యం ఏమీ లేదట. ఎందుకు లేదో లాయర్లు ఓపిగ్గా వివరిస్తారు, గంటల లెక్కన.

(అన్నట్టు, కృత్రిమ లాలాజలం కూడా ఎఫ్‌డీఏ లెక్కలో వైద్య పరికరమే. ఇకపై ఎవరైనా ‘ఉమ్మే కదా’ అని తీసిపారేస్తే ఆలోచించుకోవాలి.)

చివరికి 2019 ఫిబ్రవరిలో రెండు కంపెనీలూ రాజీపడ్డాయి. దావాలన్నీ రద్దు. ఎవరూ ఎవరికీ పైసా ఇవ్వలేదు, తప్పు తమదని ఒకరూ ఒప్పుకోలేదు. రెండున్నరేళ్ల పోరాటానికి ఇంత నికరమైన ఫలితం దక్కడం అరుదు. లాయర్ల బిల్లులు మాత్రం ఆ రాజీలో కలిసిపోయి ఉండవని నా నమ్మకం.

ఈ స్ఫూర్తితో నేనూ ఒక దరఖాస్తు రాసుకున్నాను: మంచం పక్కన చెంబుతో నీళ్లు పెట్టుకుని, నోరెండినప్పుడల్లా ఒక గుక్క తాగే పద్ధతి. తీరా చూస్తే మన పేటెంట్ చట్టం సెక్షన్ 3(ఐ) అడ్డొచ్చింది. మనిషికి చేసే చికిత్స పద్ధతులకు ఇక్కడ పేటెంట్ ఇవ్వరు. పరికరాలకైతే ఆ అడ్డు లేదు కాబట్టి చెంబు మూతి కాస్త వంకర తిప్పించి, మళ్లీ దాఖలు చేస్తున్నాను.