సూపర్‌మ్యాన్ తండ్రి రెండు చావులు

సూపర్‌మ్యాన్ పెంపుడు తండ్రి జొనాథన్ కెంట్ 1978లో రిచర్డ్ డోనర్ తీసిన సినిమాలో గుండెపోటుతో పోతాడు. ఇన్ని శక్తులుండీ నాన్నను బతికించుకోలేకపోయానని కొడుకు కుమిలిపోతాడు. 2013లో జాక్ స్నైడర్ తీసిన 'మ్యాన్ ఆఫ్ స్టీల్'లో అదే తండ్రి సుడిగాలికి బలవుతాడు. కొడుకు రెప్పపాటులో కాపాడగలడు. కానీ అతని శక్తి లోకానికి తెలిసిపోతుందని తండ్రే చెయ్యెత్తి వద్దంటాడు. కొడుకు నిలబడి చూస్తాడు.

ఈ రెండో సినిమానే 'డార్క్' అన్నారు. నాకు మాత్రం మొదటి చావే ఎక్కువ చీకటి. మా శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వాళ్లకిది విడమరిచి చెప్పక్కర్లేదు. కవిటి, సోంపేట వైపు కిడ్నీ జబ్బుతో తండ్రిని పోగొట్టుకున్న ఇళ్లు ఎన్నో. ఏళ్ల తరబడి పరిశోధనలు జరిగినా కారణం ఇదీ అని తేలలేదు. నాన్నను డయాలసిస్‌కు తీసుకెళ్లి తీసుకొచ్చే కొడుకు ఒంట్లో బలం లేక కాదు, ఆ బలం అక్కడ అక్కరకు రాదు.

హీరోను కరుకుగా చూపించడం తప్పనను. 1938లో జెర్రీ సీగెల్, జో షూస్టర్ సృష్టించిన తొలి సూపర్‌మ్యాన్ మెతకవాడేం కాదు. మొదటి కామిక్ సంచికలోనే పెళ్లాన్ని కొడుతున్న మొగుణ్ణి గోడకేసి విసిరాడు, చెయ్యని నేరానికి మరణశిక్ష పడిన ఆడమనిషిని కాపాడాడు. కోపం నిండా ఉంది. అది ఎవరి పక్షమో కూడా తెలుస్తూనే ఉంది.

2013 సినిమాలో సూపర్‌మ్యాన్ వేషంలోని ఎర్ర నిక్కరు తీసేసి, రంగులు మసకబార్చారు. ఆ నిక్కరు సర్కసు మల్లుల వేషం నుంచి వచ్చింది. మన వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడు గుండెల మీద ఏనుగును నిలబెట్టుకుంటుంటే జనం టికెట్టు కొని మరీ వెళ్లింది సంబరపడడానికే. ఆ సంబరాన్ని చిన్నతనమని తీసిపారేయడం నాకు బాధగా ఉంటుంది.

ఆ 'మ్యాన్ ఆఫ్ స్టీల్' చివర్లో, సూపర్‌మ్యాన్ కథల్లోని మెట్రోపొలిస్ నగరంలో మేడ మీద మేడ కూలుతుంది. వాటి కింద ఎవరున్నారో కెమెరాకు దాదాపు పట్టదు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి కొబ్బరి, జీడి తోటలను నేలమట్టం చేసింది. అలాంటి గాలివానలు చూసిన జిల్లా మనిషిగా ఆ దృశ్యాన్ని వేడుకగా చూడలేకపోయాను. తుఫాను గురించి మాట్లాడుకునేటప్పుడు గాలి వేగం ఒక్క మాటలో అయిపోతుంది. మంచినీళ్లు ఎవరు తెచ్చారు, ఎవరు ఇటు తొంగిచూడలేదు అన్నదే చాలాసేపు నడుస్తుంది.

ఆ పోరు చివర సూపర్‌మ్యాన్ విలన్ జోడ్ మెడ విరిచాడని చాలామంది అభిమానులు మండిపడ్డారు. నాకు ఆ తర్వాతి కేక నచ్చింది. చంపక తప్పని మనిషి అరుపు అది. నా అభ్యంతరమల్లా దానికి ముందు సాగిన పోరులో జనం కనపడకుండా పోవడమే.

ఆ లోటు స్నైడర్‌కూ తెలిసినట్టుంది. 2016లో తీసిన తర్వాతి సినిమా అదే విధ్వంసాన్ని నేల మీది నుంచి చూపిస్తుంది. మీ అమ్మ ఎక్కడని అడిగితే ఒక చిన్నపిల్ల కూలిన మేడవైపు వేలు చూపిస్తుంది. దుమ్ములో మోకరిల్లి ఆ పిల్లను గుండెకు హత్తుకునేది ఏ శక్తులూ లేని బ్రూస్ వేన్, అంటే బ్యాట్‌మ్యాన్.