ఒక్క రోజూ ఏలని నిజాం మీద ఇన్ని తిట్లా?

హైదరాబాద్ ఆఖరి నిజాం మనవడు, పేరుకి నిజాం అయిన ముకర్రం జా పేరెత్తితే చాలు, "తాతల ఆస్తంతా తగలేశాడు" అని మొదలుపెడతారు. సరే, తగలేశాడు. ఇంతకీ ఆ సొమ్ము ఎవరిది? శిస్తు కట్టిన రైతులది. మా నాయనమ్మ నిజాం అన్న మాట వింటేనే శాపనార్థాలు పెట్టేది. అందుకే ఆస్తి పోయిందని నాకేం కన్నీళ్ళు రావు. కానీ ఈయన్ని తిట్టే తీరు చూస్తే మాత్రం ఒళ్ళు మండుతుంది.

1933లో ఫ్రాన్స్‌లో పుట్టాడు. తల్లి దుర్రుషెహవార్ ఆఖరి ఒట్టోమన్ ఖలీఫా కూతురు. (పురానీ హవేలీలో పిల్లల ఆసుపత్రి ఆమె పేరు మీదే ఉంది.) తాత ఉస్మాన్ అలీ ఖాన్ సొంత కొడుకును పక్కనపెట్టి మనవణ్ణి వారసుడిగా ప్రకటించాడు. 1967లో హైదరాబాద్‌లోని చౌమహల్లా ప్యాలెస్‌లో పట్టం కట్టారు. దేనికి పట్టం? రాజ్యం 1948లోనే పోయింది. మిగిలింది వేలమంది నౌకర్లు, ఆశ్రితులు, వాటాల కోసం కోర్టుకెక్కిన బంధువులు. 1971లో మాజీ రాజులకు ప్రభుత్వమిచ్చే రాజభరణం కూడా రద్దయింది. ఆ టెన్షన్ మనలో ఎవరైనా ఒక్క నెల పడగలరా?

ఆయన పశ్చిమ ఆస్ట్రేలియా వెళ్ళి లక్షల ఎకరాల గొర్రెల ఫారం కొనుక్కున్నాడు. అక్కడ బుల్డోజర్ నడపడమంటే ప్రాణం. అందరూ దాన్నే ఎగతాళి చేస్తారు. నాకైతే ఆ మనిషి తన ఇష్టంతో చేసిన పని అదొక్కటే అనిపిస్తుంది.

తప్పు లేదనను. ఇక్కడి వ్యవహారాలు ఇతరుల చేతిలో పెట్టి వెళ్ళాడు, ఇల్లు గుల్లయింది. చౌమహల్లా పాడుబడింది. విడాకులు తీసుకున్న మొదటి భార్య ఎస్రా తిరిగొచ్చి పట్టుబట్టి బాగు చేయించింది. 2010లో దానికి యునెస్కో అవార్డు కూడా వచ్చింది. ఈ కథలో మెచ్చుకోవాల్సింది ఎవరినైనా ఉంటే ఆమెనే.

2023 జనవరిలో ఇస్తాంబుల్‌లో చనిపోతే హైదరాబాద్ తెచ్చారు. మక్కా మసీదులో ఖననం. ప్రభుత్వ లాంఛనాలు ఎందుకని గొడవ జరిగింది. నిజమే, నాకూ అర్థం కాలేదు. అయినా ఖననానికి ముందు చౌమహల్లాలో భౌతికకాయాన్ని చూడనిస్తున్నారంటే వెళ్ళి లైన్లో నిలబడ్డాను. నా ముందు ఒక పెద్దాయన, చేతికర్రతో. వాళ్ళ నాన్న ఒకప్పుడు ఇక్కడే గేటు దగ్గర పనిచేసేవాడట.

"మరి అందరినీ వదిలేసి వెళ్ళిపోయాడు కదా చాచా, కోపం లేదా?" అన్నాను.

నెత్తిమీది టోపీ సర్దుకున్నాడు.

"లైన్ కదిలింది, నడువు బేటా."