కష్టమంతా తారీఖులతోనే

చదువుకుంటూ ఇంటర్న్‌షిప్ చేస్తే రెండూ దెబ్బతింటాయని మీ వ్యాసంలో రాశారు. నేను నల్లగొండలో బీకాం చివరి సంవత్సరం, మధ్యాహ్నం నుంచి ఒక ఆడిటర్ సార్ ఆఫీసులో పని. రోజూ ఏం కష్టం ఉండదు, తారీఖులతోనే చిక్కు. నెలనెలా జీఎస్టీ రిటర్న్ వేసేవాళ్లకు జీఎస్‌టీఆర్-1 (అమ్మకాల వివరాలు) గడువు 11, 3బీ (పన్ను లెక్క తేల్చి కట్టే రిటర్న్) గడువు 20. ఆ మధ్యలో సెమిస్టర్ పరీక్షలు పడితే ఇక టెన్షనే. 14న 2బీ (అమ్మినవాళ్లు చూపించిన బిల్లుల జాబితా) వచ్చాక కొనుగోలు బిల్లులన్నీ సరిచూడాలి. అమ్మినవాళ్లు తమ రిటర్న్‌లో చూపించని బిల్లుకు మనకు క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన పన్నును మన పన్నులో తగ్గించుకోవడం) రాదు. షాపులవాళ్లేమో బిల్లులు సంచిలో కుక్కుకుని సరిగ్గా 19 సాయంత్రం దిగుతారు. (ఏమన్నా అందామంటే క్లయింట్లాయె!)

అయినా మానేయాలని లేదు. మార్కెట్లో 26 కిలోల బియ్యం బస్తాలు ఎందుకున్నాయో నాకు క్లాసులో ఎవరూ చెప్పలేదు. 2022 జులై నుంచి 25 కిలోల వరకు ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యానికి 5 శాతం జీఎస్టీ, అది దాటితే లేదు. మిర్యాలగూడ మిల్లు బిల్లులు టాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో ఎక్కిస్తుంటే తెలిసింది.

స్టైపెండ్ గురించి మీరు ఒక్క ముక్క రాయలేదు. నాకొచ్చేది బస్ పాస్‌కు, టీకి సరిపోతుంది. మిగతావాళ్లకు ఎంతిస్తున్నారో కింద చెప్పండి.